గురువారం రాత్రి జాకీ వంతు

మెథడిస్టు సంఘాలకు మూలపురుషుడు జాన్ వెస్లీ. ఆయన్ను తయారుచేసింది ఆక్స్‌ఫర్డ్ చదువు అంటారు చాలామంది. అంతకు ముందు పదేళ్లు ఆయన పెరిగిన ఇంటి కథ ఇది.

కుటుంబ ప్రార్థన ముగిసింది. ఇంటి యజమాని, ఊరి పాదిరి అయిన శామ్యూల్ వెస్లీ ఎప్పటిలాగే రాజు మూడో విలియం క్షేమం కోసం కూడా ప్రార్థించాడు. అందరూ ఆమెన్ అన్నారు, భార్య సుసన్నా తప్ప. ఆయన అది గమనించి, పక్కకు పిలిచి అడిగాడు. ఆమె దాచలేదు. తన దృష్టిలో విలియం రాజే కాదు, హాలండ్ నుంచి వచ్చి సింహాసనం ఎక్కిన ఒక యువరాజు మాత్రమే అంది. ఇద్దరు రాజులున్న ఇంట్లో మంచాలు కూడా రెండుండాల్సిందేనని పాదిరిగారు తేల్చేశారు. అన్నట్టే పెళ్లాం పిల్లల్ని వదిలి లండన్ వెళ్లిపోయారు. భర్త మాటకు భయపడి అప్పుడైనా ఆమెన్ అందామని ఆమెకు తోచలేదు.

గుర్రం మీంచి పడిన దెబ్బతో విలియం 1702 మార్చిలో చనిపోయాడు. ఆన్ రాణి గద్దెనెక్కింది. ఆమె హక్కు మీద మొగుడూ పెళ్లాలకు పేచీ లేదు. అయినా పాదిరిగారి పంతం వెంటనే సడలలేదు. జులై చివర్లో ఇంటికి నిప్పంటుకుని చాలా భాగం కాలిపోయాక గానీ ఆ కాపురం తిరిగి కుదురుకోలేదు. మరుసటి ఏడు, పాత క్యాలెండరు లెక్కన 1703 జూన్ 17న, వాళ్లకు కొడుకు పుట్టాడు. పదిహేనో బిడ్డ. జాన్ అని పేరు పెట్టారు. ఇంట్లో అందరికీ జాకీ.

ఆ పేరు మన దగ్గర ఎంత వ్యాపించిందో చెప్పక్కర్లేదు. తెలంగాణలో, ఆంధ్రలో ఏ బడి హాజరుపట్టీ తిరగేసినా ఒక జాన్ వెస్లీ తగులుతాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని కట్టించింది వెస్లియన్ మెథడిస్టు మిషన్. సికింద్రాబాదులో ఆయన పేరు మీద కాలేజీ ఉంది. ఇంత పేరున్న మనిషి బాల్యం గురించి మాత్రం మనకు తెలిసింది తక్కువ. అగ్నిప్రమాదంలోంచి బయటపడ్డ కథ ఒకటి ఆదివారపు బడిలో చెబుతారు, అంతే.

జాన్ పుట్టిన ఎప్‌వర్త్ ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఒక చిన్న సంత ఊరు. చుట్టుపక్కల నేలను ఐల్ ఆఫ్ యాక్స్‌హోమ్ అంటారు. పేరులో ద్వీపం ఉన్నా సముద్రం లేదు. ఒకప్పుడు నదులూ చిత్తడి నేలలూ నాలుగు వైపులా కమ్ముకుని ఉండేవి. 1620ల్లో మొదటి చార్లెస్ రాజు పురమాయిస్తే కార్నీలియస్ వెర్ముయిడెన్ అనే డచ్చి ఇంజనీరు కాలువలు తవ్వి ఆ నీటిని తోడేశాడు. చేపలు పట్టుకుని, పశువుల్ని మేపుకుని బతికే జనానికి ఉమ్మడి బీళ్లు పోయాయి. వాళ్లు కట్టలు తెంచారు, తిరగబడ్డారు. బయటినుంచి రాజుగారి పేరు చెప్పుకుంటూ వచ్చేవాడంటే అక్కడ తరాల తరబడి మంట. అలాంటి ఊరికి, రాజభక్తిని నెత్తిన పెట్టుకున్న, లౌక్యం బొత్తిగా లేని, పద్యాలు రాసే పాదిరి వచ్చి పడ్డాడు.

ఈ రాజభక్తి వంశంలో వచ్చింది కాదు, అదే విచిత్రం. శామ్యూల్ తాత బార్తొలొమ్యూ, తండ్రి జాన్, ఇద్దరూ పాదిరులే. 1662లో అందరూ ఒకే ప్రార్థన పుస్తకానికి కట్టుబడాలని చట్టం వస్తే ఒప్పుకోక ఇద్దరూ పదవులు పోగొట్టుకున్నారు. తండ్రి జైళ్లకూ వెళ్లాడు. సుసన్నా తండ్రి డాక్టర్ శామ్యూల్ ఆన్‌స్లీ కూడా అదే ఏడు లండన్‌లో పెద్ద చర్చి వదులుకున్నవాడు. తరవాత రాజధానిలోని అసమ్మతివాదులకు ఆయనే పెద్దదిక్కు అయ్యాడు. ఆ ఇంట్లో ఆమె ఇరవై అయిదో బిడ్డ, అందరికన్నా చిన్నది. పన్నెండు పదమూడేళ్ల వయసులో ఆ పిల్ల ఇరుపక్షాల వాదాలూ తనకు తానే బేరీజు వేసుకుని, తండ్రి వదిలి వచ్చిన ఇంగ్లండు సంఘంలోనే చేరతానని చెప్పింది. శామ్యూల్ కూడా అసమ్మతివాదుల బడిలో చదువుకుని, యౌవనంలో అటే తిరిగాడు. అంటే జాన్ తల్లీ తండ్రీ ఎవరికి వాళ్లుగా తలిదండ్రుల దారి కాదని రాజుగారి సంఘంలోకి వచ్చినవాళ్లు. ఇలాంటి ఇద్దరు ఒకే కప్పు కింద చేరితే ఆమెన్ దగ్గర గొడవ రావడంలో వింత లేదు.

శామ్యూల్ ఆక్స్‌ఫర్డ్‌లో తోటి విద్యార్థులకు ఊడిగం చేస్తూ చదివాడు. అక్కడుండగానే వింత వింత వస్తువుల మీద రాసిన పద్యాలు అచ్చేశాడు. యేసు జీవితాన్ని పెద్ద కావ్యంగా రాశాడు. యోబు గ్రంథం మీద లాటిన్‌లో వ్యాఖ్యానం మొదలుపెట్టి చచ్చేదాకా దిద్దుతూనే ఉన్నాడు. పండితుడే, సందేహం లేదు. డబ్బు మాత్రం ఆయన చేతిలో నిలిచేది కాదు. ఎప్‌వర్త్ పాదిరికి ఏటా వచ్చేది సుమారు 200 పౌండ్లు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. కానీ పంతొమ్మిదిమంది బిడ్డలు, చేతకాని వ్యవసాయం, పాత అప్పులు, వాటి మీద కొత్త అప్పులు. పసితనం దాటి బతికిన పిల్లలు పదిమంది: శామ్యూల్, జాన్, చార్లెస్ అనే ముగ్గురు కొడుకులు, ఏడుగురు కూతుళ్లు.

1705 మే నెలలో పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. పాదిరిగారు ఊరికి నచ్చని పక్షానికి బాహాటంగా మద్దతిచ్చారు. కోపం పట్టలేని జనం రాత్రంతా కిటికీల కింద డప్పులు కొట్టారు, తుపాకులు పేల్చారు. సుసన్నా అప్పుడు పచ్చి బాలింత. శిశువును పక్కలో వేసుకున్న దాది రాత్రంతా నిద్రలేక, తెల్లవారుజామున ఒళ్లెరగని నిద్రలో బిడ్డ మీదికి ఒరిగిపోయింది. ఊపిరి లేని పసికందును తెచ్చి తల్లి చేతిలో పెట్టారు. ఇంకో నెల తిరక్కుండా, ముప్పై పౌండ్లకు లోపు బాకీ కోసం శామ్యూల్‌ను లింకన్ కోట జైల్లో పెట్టించారు. ఆయన లోపల ఉండగా ఆవుల్ని పొడిచారు, కాపలా కుక్క కాలు నరికారు. సుసన్నా చేతి ఉంగరాలు తీసి, అమ్ముకోమని జైలుకు పంపింది. ఆయన తిప్పి పంపాడు. ఆదుకోవడానికి వచ్చిన యార్క్ ఆర్చిబిషప్ షార్ప్, మీకెప్పుడైనా రొట్టె కరువైందా అని ఆమెను అడిగాడు. కరువైతే కాలేదుగానీ, తినకముందు దాన్ని సంపాదించే దిగులు, తిన్నాక డబ్బు కట్టే దిగులు ఉంటే ఆ తిండి ఒంటికి పట్టదని ఆమె జవాబు. జాకీకి అప్పుడు రెండేళ్లు.

ఆదివారపు బడి కథ జరిగింది 1709 ఫిబ్రవరి 9 రాత్రి. పూరికప్పు ఇల్లు నిలువునా అంటుకుంది. దాది పిల్లల్ని లేపి బయటికి తీసుకొచ్చింది. అయిదున్నరేళ్ల జాకీ మేడగదిలో నిద్రలోనే ఉండిపోయాడు. తండ్రి మెట్లెక్కబోతే అవి కాలి కూలుతున్నాయి. ఇక చేసేదేమీ లేక ఆయన మోకరించి కొడుకు ఆత్మను దేవుడికి అప్పగించేశాడు. అంతలో పిల్లవాడు లేచి, కిటికీ దగ్గర పెట్టె ఎక్కి నిలబడ్డాడు. నిచ్చెన తెచ్చే వ్యవధి లేదు. ఒకడి భుజాల మీద ఇంకొకడు ఎక్కి లాగేశాడు. మరుక్షణం కప్పు లోపలికి కూలింది. మంటలోంచి లాగిన కొరివి అని జెకర్యా గ్రంథంలో ఉన్న మాటను జాన్ జీవితాంతం తనకు వర్తింపజేసుకున్నాడు. ఇంటికి నిప్పు ఊళ్లోవాళ్లే పెట్టారని కుటుంబం అనుమానం. కాలిపోయిన పుస్తకాల్లో, కాగితాల్లో యోబు వ్యాఖ్యానం ఉంది. పాదిరిగారు దాన్ని మళ్లీ మొదటి నుంచి రాయడానికి కూర్చున్నారు. సుమారు 400 పౌండ్లు పెట్టి ఇటుకలతో కట్టిన కొత్త ఇల్లు ఇప్పటికీ ఉంది, మ్యూజియంగా. దాని తాలూకు అప్పు కూడా ఆయన ఉన్నన్నాళ్లూ ఉంది.

ఇల్లు కట్టేదాకా పిల్లలు తలో ఇంట్లో పెరిగారు. తిరిగొచ్చాక చూస్తే మాట మారింది, ఆట మారింది, ఆదివారం పట్టింపు పోయింది. సుసన్నా మళ్లీ గట్టిగా పట్టుబట్టింది. ఆమె పద్ధతి ఈనాటి తల్లులకు మింగుడుపడదు. ఏడాది నిండేసరికే బిడ్డకు బెత్తం భయం తెలియాలి, ఏడిస్తే చప్పుడు లేకుండా ఏడవాలి. భోజనానికీ భోజనానికీ మధ్య చిరుతిండి లేదు. చేసిన తప్పు తానే ఒప్పుకుంటే మాత్రం దెబ్బ పడదు. అయిదో పుట్టినరోజు దాటిన మర్నాడు చదువు మొదలు. ఒక్క రోజులో అక్షరాలన్నీ రావాలి. ఇద్దరు ఆడపిల్లలకు రోజున్నర పట్టిందని ఆమె గుర్తుపెట్టుకుని రాసింది. అక్షరాల మర్నాడు ఆదికాండం మొదటి అధ్యాయం. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు, మళ్లీ రెండు నుంచి అయిదు దాకా బడి. ఒకే సంగతి ఇరవైసార్లు చెప్పడం చూసి భర్త విసుక్కుంటే, పంతొమ్మిదిసార్లతో ఆపి ఉంటే ఆ శ్రమంతా దండగయ్యేదని ఆమె అందట.

కఠినమే. కానీ ఆ నియమాల్లో ఒకటి ఆ కాలానికి అరుదైనది: బాగా చదవడం వచ్చేదాకా ఏ ఆడపిల్లకూ కుట్టుపని నేర్పకూడదు.

ఇక్కడ మన దక్షిణ దేశపు తీరం ఈ కథలోకి వస్తుంది. 1706లో డెన్మార్క్ రాజు పంపగా ఇద్దరు జర్మన్ యువకులు, సీగెన్‌బాల్గ్, ప్లూచౌ, తమిళ తీరంలోని తరంగంబాడిలో దిగారు. వాళ్ల ఉత్తరాలు ఇంగ్లీషులోకి వచ్చి పుస్తకంగా అచ్చయ్యాయి. 1711 శీతకాలంలో శామ్యూల్ పాదిరుల సభ కోసం లండన్‌లో ఉండగా, పెద్ద కూతురు ఎమిలియాకు ఆయన గదిలో ఆ పుస్తకం దొరికింది. తల్లికి చదివి వినిపించింది. అంతగా తనను కదిలించింది మరొకటి లేదని సుసన్నా భర్తకు రాసింది. తాను మగవాడు కాదు, పాదిరి కాదు. అయినా ఇప్పుడు చేస్తున్నదానికన్నా ఎక్కువ చెయ్యొచ్చు కదా అనుకుంది. ముందు పిల్లలతో మొదలుపెట్టింది. రోజుకొకరితో, రాత్రి విడిగా కూర్చుని మాట్లాడటం. సోమవారం మాలీ, మంగళవారం హెటీ, బుధవారం నాన్సీ, గురువారం జాకీ, శుక్రవారం పాటీ, శనివారం చార్లెస్, ఆదివారం ఎమిలియా, సూకీ. అంతమంది పిల్లలున్న ఇంట్లో తల్లి తనొక్కడికే దక్కే రాత్రి అంటే ఏమిటో జాన్ మరిచిపోలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో అధ్యాపకుడయ్యాక కూడా ఆ గురువారపు సమయం తనకు కేటాయించమని ఉత్తరం రాసి అడిగాడు.

తరంగంబాడి నుంచి ఇంకో దారి మన వైపూ వచ్చింది. అదే మిషన్‌కు వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరవాత మద్రాసు చేరి తెలుగు నేర్చుకుని, బైబిలును తెనిగించే పనికి పూనుకున్నాడు. 1746-47 ప్రాంతంలో జర్మనీలోని హాలేలో ఆయన వేయించిన చిన్న పుస్తకాలే తెలుగులో తొలి అచ్చు పుస్తకాలని చెబుతారు. ఎప్‌వర్త్ వంటింటినీ మన తొలి అచ్చునూ కలిపే ఈ దారం సంగతి మన చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు.

వంటిల్లు అన్నాను గదా, అసలు కథ అక్కడే. భర్త లేనప్పుడు ఆదివారం సాయంత్రాలు సుసన్నా పిల్లలకూ పనివాళ్లకూ ప్రార్థన నడిపి, ఒక ప్రసంగం చదివేది. పనికుర్రాడు వాళ్ల అమ్మానాన్నలకు చెప్పాడు. వాళ్లొచ్చారు. వాళ్లను చూసి ఇంకొకరు. తరంగంబాడి ఉత్తరాలు విన్నాక ఆమె మరింత శ్రద్ధగా, ఉన్నవాటిలో మేలైన ప్రసంగాలు ఏరి చదివింది. ముప్పైమందితో మొదలై రెండు వందలు దాటారు; చోటు చాలక వెనక్కి పోయినవాళ్లు వేరే. పాదిరిగారి బదులు చర్చి చూస్తున్న సహాయ గురువు ఇన్‌మన్‌కు ఇది కంటగింపయింది. ఈయన గురించి వెస్లీల ఇంట్లో ఒక కథ ఉంది. ఏ వాక్యం తీసుకున్నా అప్పులు తీర్చడం దగ్గరికే వస్తాడని విసిగి, శామ్యూల్ ఓసారి విశ్వాసం గురించి ప్రసంగించమన్నాడు. ఆయన విశ్వాసాన్ని రెండు ముక్కలు పొగిడి, అది మనిషి చేత అప్పులు తీర్పిస్తుందంటూ ఎత్తుకున్నాడట!

ఇన్‌మన్ ఫిర్యాదు లండన్ చేరింది. భర్త ఉత్తరం రాశాడు: ఆడమనిషివి, పైగా నా హోదా ఏమవుతుంది, చూసేవాళ్లకు వింతగా ఉంటుంది, ఇంకెవరిచేతైనా చదివించరాదా? 1712 ఫిబ్రవరి 6న, మళ్లీ 25న ఆమె ఇచ్చిన జవాబులు చదివితే ఈమె పార్లమెంటులో ఉండాల్సింది అనిపిస్తుంది. వచ్చేవాళ్లలో కూడబలుక్కోకుండా ఒక ప్రసంగం చదవగలిగినవాడు ఒక్కడూ లేడు అంది. చర్చి మొహం చూడనివాళ్లు ఇప్పుడు చర్చికి వస్తున్నారంది. రెండో జవాబు చివర్లో అసలు మెలిక పెట్టింది. మానెయ్యమని కోరుకుంటున్నానని రాయొద్దు, దానికి నా మనస్సాక్షి ఒప్పదు. మానెయ్యి అని స్పష్టంగా ఆజ్ఞ ఇవ్వండి. రేపు మనిద్దరం దేవుడి ఎదుట నిలబడినప్పుడు ఈ ఆత్మల నష్టానికి బాధ్యత నాది కాకుండా ఉంటుంది. పాదిరిగారు ఆజ్ఞ ఇవ్వలేదు. ఎనిమిదేళ్ల జాకీ, నాలుగేళ్ల చార్లెస్ ఆ సభల్లో ఉన్నారు.

1714 మొదట్లో జాన్ లండన్‌లోని చార్టర్‌హౌస్ బడికి వెళ్లాడు. బకింగ్‌హామ్ డ్యూక్ సిఫారసుతో, బీద విద్యార్థుల కింద. పెద్ద పిల్లలు చిన్నవాళ్ల పళ్లెంలోని మాంసం లాక్కునేవాళ్లు కనుక చాలాకాలం రొట్టే ఆధారం. రోజూ పొద్దున తోట చుట్టూ మూడుసార్లు పరిగెత్తమని తండ్రి చెప్పాడు, పరిగెత్తాడు. తాను ముసలితనం దాకా ఆరోగ్యంగా ఉండటానికి ఆ రెండూ కారణమని చెప్పుకున్నాడు. అతను బడిలో ఉండగా, 1716 డిసెంబరు నుంచి రెండు నెలలపాటు ఇంట్లో దయ్యం తలుపులు కొట్టిందంటారు. ఎమిలియా దానికి ఓల్డ్ జెఫ్రీ అని పేరు పెట్టింది. జార్జి రాజు కోసం ప్రార్థించేటప్పుడే దాని చప్పుడు ఎక్కువట. ఆ ఇంట్లో దయ్యానికీ రాజకీయాలున్నాయి.

చార్లెస్ విషయంలో ఇంకో కథ ఉంది, ఇది కుటుంబంలో చెప్పుకున్నదే. ఐర్లండులో గారెట్ వెస్లీ అనే పిల్లల్లేని భూస్వామి అతణ్ణి వారసుడిగా తీసుకుంటానన్నాడు. చార్లెస్ వద్దన్నాడు. ఆస్తి రిచర్డ్ కాలీ అనే బంధువుకు పోయింది. అతను వెస్లీ ఇంటిపేరు పెట్టుకున్నాడు. తరవాత అది వెల్లెస్లీ అయింది. ఆయన మనవడే 1800లో నిజాం నుంచి కడప, బళ్లారి ప్రాంతాలను రాయించుకున్న గవర్నర్ జనరల్ వెల్లెస్లీ. దత్తమండలాల చరిత్రలో ఇలాంటి పిట్టకథ ఉందని సీమవాసులకు తెలిస్తే బాగుండు.

అక్కచెల్లెళ్ల సంగతి చెప్పకుండా ఈ ఇంటి కథ చెబితే అది సగం అబద్ధం. వాళ్లూ అదే బల్ల దగ్గర, అదే చదువు చదివారు. హెటీ ఎనిమిదేళ్లకు గ్రీకు చదివిందంటారు. అన్నదమ్ములకు ఆ చదువు ఆక్స్‌ఫర్డ్ దాకా దారి అయింది. వీళ్లకు ఎటూ దారి లేదు. పల్లెటూరి ఇల్లు, అప్పులు, తండ్రి కోపం. హెటీ 1725లో ఒక లాయరును నమ్మి ఇల్లు విడిచింది. అతను పెళ్లి చేసుకోలేదు. గర్భంతో తిరిగొచ్చిన కూతుర్ని విలియం రైట్ అనే గొట్టాల పనివాడికి కట్టబెట్టారు. గ్రీకు చదివిన పిల్లకూ అతనికీ పొత్తు ఎలా కుదురుతుంది? పుట్టిన పిల్లలు పోతుంటే ఆమె రాసిన పద్యాలు ఆ కుటుంబంలో ఎవరు రాసిన పద్యాలకూ తీసిపోవు. తండ్రి ఆమెను క్షమించలేదు. పాటీని పెళ్లాడిన వెస్ట్లీ హాల్, ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ శిష్యుడు. అక్కకు మాటిచ్చి, చెల్లెలు కెజియా వెంట పడి, మళ్లీ అక్కనే చేసుకుని, చివరికి వదిలేశాడు. తల్లి ఇచ్చిన చదువును తప్పుపట్టలేను. దాన్ని ఎక్కడా ఖర్చుపెట్టుకోనివ్వని లోకం మీదే నా కోపం.

జాన్ 1725లో డీకన్‌గా దీక్ష పొందాడు. మరుసటేడు మార్చిలో ఆక్స్‌ఫర్డ్‌లోని లింకన్ కాలేజీ ఫెలో అయ్యాడు. జేబులో అయిదారు పౌండ్లు లేని తండ్రి, నేనేమైతేనేం, నా జాక్ లింకన్ ఫెలో అని పొంగిపోయాడు. ఆ పొంగు ఆగస్టుకే తగ్గింది. ఎప్‌వర్త్ పక్కనున్న రూట్ గ్రామంలో జాన్, తప్పు చేసినవాళ్లపట్ల చూపాల్సిన దయ గురించి ప్రసంగించాడు. అది హెటీ తరఫు వకాల్తా అని వినేవాళ్లందరికీ తెలుసు. ముందు తల్లికి చూపించి మరీ చెప్పిన ప్రసంగమది. తండ్రి చాలాకాలం మండిపడ్డాడు. ఈ పిల్లవాడు కారణం దొరికితే తప్ప దొడ్డికి కూడా వెళ్లడని ఆయన ఒకప్పుడు భార్యతో అన్న మాట వెస్లీ వంశీకులు చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఎప్‌వర్త్ పదవి నీకే ఇప్పిస్తాను రమ్మని ముసలాయన చివరి రోజుల్లో బతిమాలితే, ఎందుకు రానో నెంబర్లు వేసి మరీ జాబు రాసిన కొడుకు అతను. అప్పటికే ఆక్స్‌ఫర్డ్‌లో తమ్ముడు మొదలెట్టిన చిన్న ప్రార్థన బృందానికి అతను నాయకుడు. గంటగంటకూ నియమం పెట్టుకుని బతుకుతున్నారని తోటివాళ్లు మెథడిస్టులంటూ ఎగతాళి చేసేవాళ్లు. తొమ్మిది నుంచి పన్నెండు, రెండు నుంచి అయిదు చదివిన పిల్లలకు అది కొత్త జీవితమేమీ కాదు.

1735 ఏప్రిల్ 25న శామ్యూల్ పోయాడు. సమాధి చేసిన రోజునే, పదిహేను పౌండ్ల బాకీ కోసం ఒకావిడ వచ్చి పశువులన్నిటినీ జప్తు చేయించింది. సుసన్నాకు ఇల్లూ పోయింది. ఆ ఏడే కొడుకులిద్దరూ అమెరికాలోని జార్జియాకు మిషనరీలుగా వెళతామంటే, నాకు ఇరవైమంది కొడుకులున్నా పంపేదాన్నని అంది. తరంగంబాడి ఉత్తరాలు విన్న చెవులవి.

తరవాతి సంగతులు చాలామందికి తెలిసినవే గనక క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండు తిరిగొచ్చిన జాన్‌కు చర్చిలు ఒక్కొక్కటే మూసుకున్నాయి, ఆయన బయళ్లలో ప్రసంగించాడు. ఆయన లండన్‌లో లేని సమయంలో థామస్ మాక్స్‌ఫీల్డ్ అనే దీక్ష లేని యువకుడు సంఘానికి వాక్యం చెబుతున్నాడని తెలిసి, ఆపించడానికి హడావిడిగా వచ్చాడు. అప్పటికి తల్లి ఆయన దగ్గరే, ఫౌండరీ అనే పాత ఫిరంగుల కార్ఖానాలో ఉంటోంది. తొందరపడకు, నీకెంత పిలుపుందో అతనికీ అంతే ఉంది, ముందు వెళ్లి విను అంది. జాన్ వెళ్లి విన్నాడు, ఒప్పుకున్నాడు. దీక్ష లేని బోధకులతో నడిచే పద్ధతి అక్కడ స్థిరపడింది. సుమారు నూటయాభై ఏళ్లకు వెస్లియన్ మిషనరీ పోస్నెట్ మెదక్ చేరాక, ఆ పల్లెల్లో సంఘాల్ని నిలబెట్టినవాళ్లలో కూడా ఎక్కువమంది దొరలు కాదు. ఉపదేశులు, బైబిలు స్త్రీలు.

1742 జూన్‌లో జాన్ ఎప్‌వర్త్ వెళ్లాడు. ఒకప్పుడు తండ్రి దగ్గర పనిచేసిన రామ్లీయే అక్కడి గురువు, వేదిక ఎక్కనివ్వలేదు. ఆ సాయంత్రం జాన్ చర్చి ఆవరణలో తండ్రి సమాధి రాయి మీద నిలబడి ప్రసంగించాడు. ఆ నేల చర్చిదే గానీ ఆ రాయి వాళ్లది. వారం రోజులపాటు రోజూ సాయంత్రం జనం విరగబడ్డారు. ముప్పై ఏళ్ల కింద ఆ వంటింటికి వచ్చినవాళ్లూ వాళ్ల పిల్లలూ అందులో లేకుండా ఉంటారా?

జులైలో సుసన్నా పోయింది. లండన్‌లోని బన్‌హిల్ ఫీల్డ్స్‌లో, అసమ్మతివాదుల శ్మశానంలో పూడ్చారు. రాతి మీద చెక్కించిన పద్యాలు చార్లెస్‌వి. విశ్వాసపు నిశ్చయత ఆమెకు ముసలితనంలో కలిగిందని, అంతకు ముందు డెబ్బై ఏళ్లూ ధర్మశాస్త్రపు చీకట్లో గడిచాయని ఆ పద్యాల సారాంశం. ఆ డెబ్బై ఏళ్లలో చార్లెస్ శనివారాలూ ఉన్నాయని అతనికి తోచినట్టు లేదు. జాన్ ఆ పద్యాలను తన దినచర్యలో ఎక్కించాడు. అక్కడితో ఆగలేదు. మా తాత, ముత్తాత, తండ్రి, అన్నదమ్ములలాగే మా అమ్మ కూడా తన మేరకు బోధకురాలేనని రాసి, దాని కింద 1712 ఫిబ్రవరి 6 నాటి ఆమె ఉత్తరాన్ని అచ్చువేశాడు.